వాటా గాలి

మొదటి నమోదు

చెప్పిన మాట చెప్పలేదనే వాళ్ళతో వ్యవహారం పడింది. అందుకని ఇవాళ్టి నుంచి రాసిపెట్టుకుంటున్నాను.

నా పేరు దమయంతి. చంద్రుడి మీద గట్టుపేటలో పలకలు తుడుస్తాను. పెద్ద గొయ్యి అంచున, ఎండ దాదాపు ఎప్పుడూ తగిలే చోట కట్టిన ఊరు ఇది. ఆ ఎండను పట్టే పలకలు కనుచూపు మేర పరిచి ఉంటాయి. సరుకుల ఓడ దిగినప్పుడల్లా దుమ్ము లేచి వాటిమీద పడుతుంది. మేం కుంచెలు పట్టుకుని తుడిచేలోపు ఇంకో ఓడ దిగుతుంది. మా వరసకు నలుగురం: నేను, తవిటమ్మ, పోలిరాజు, గవరయ్య మావ. మావ నిజంగా ఎవరికీ మావ కాదు, వయసులో పెద్ద కాబట్టి అలా పిలుస్తాం.

ఈ దుమ్ము కాల్చిన టపాకాయల వాసన వేస్తుంది. ఎంత దులుపుకున్నా సూటు మడతల్లో దాక్కుని గదిలోకి వస్తుంది, గదిలోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తవిటమ్మకు అలాగే పోయింది. ఆమే నేనూ తొమ్మిదేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నాం. ఆమె దగ్గు మొదట్లో నన్ను విసిగించేది. ఇప్పుడు అది ఆగితే భయమేస్తోంది.

ఏడాదిగా ఆమె వంతు పని మేమే చేస్తున్నాం. మాలో ఎవరికి బాగోలేకపోయినా మిగతావాళ్ళలో ఒకరు ఆ మనిషి సూటు తొడుక్కుని బయటికి వెళ్ళడం మా వరసలో ముందునుంచీ ఉన్న అలవాటు. దాన్ని తోడు వెళ్ళడం అంటాం. ఊరి బయటి తలుపు సూటును లెక్కపెడుతుంది, మనిషిని కాదు. తవిటమ్మ నాకన్నా జానెడు పొట్టి. ఆమె సూటులో నా మోకాళ్ళు చాపుకోవు. తిరిగొచ్చాక గోడ పట్టుకుని నడుస్తాను. ఆమె అది చూసి ఏడుస్తుంది, ఏడిస్తే దగ్గు వస్తుంది, అందుకని నేను నవ్వుతూ నడవడం నేర్చుకున్నాను.

ఇవాళ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఊపిరితిత్తులు కడిగితే బతుకుతుందట. కడగకపోతే ఇంకో మూడు ఓడలు దిగే వరకు ఉండదట. సరే కడగండి అన్నాను. అక్కడి గుమస్తా పేరు కొట్టి చూసి, పన్ను జాబితాలో ఈవిడ లేదండీ అన్నాడు. నా పేరు కొట్టించాను. నేనూ లేను.

రెండో నమోదు

ఇక్కడ అన్నిటికీ వెల గాలిలోనే. ఒక మనిషి ఒక రోజు పీల్చే గాలిని కుండ అంటారు. కూలివాళ్ళకు ఇన్ని కుండలని గది మీటరులో పడతాయి. అందులో ఆరో వంతు పన్నుగా కోసి ఊరి ట్యాంకులో కలుపుతారు. ఆ ట్యాంకు మీదే ఆసుపత్రి నడుస్తుంది. పన్ను కట్టిన కూలికి ఊపిరితిత్తులు ఊరికే కడుగుతారు.

మాకు కోత లేదు. తొమ్మిదేళ్ళ కిందట శేషగిరి గారనే మేనేజరు మా నలుగురినీ కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పాడు.

"చూడండమ్మా, మీరు విడివిడిగా చేరితే కూలీలు. కలిసి ఒక కంపెనీగా చేరితే యజమానులు. కూలికి పన్ను ఉంటుంది, లాభంలో వాటాకి ఉండదు. కాగితాల గొడవంతా నేను చూసుకుంటాను. మీరు వేలిముద్ర వేస్తే చాలు."

పౌర్ణమి ఉమ్మడి కంపెనీ అని పేరు కూడా ఆయనే పెట్టాడు. ఆరో వంతు మిగులుతుందంటే ఎవరికి చేదు? వేలు పెట్టాం. ఆ రోజు గదికి వచ్చి యజమానులం అయ్యామని చోడంబలిలో బెల్లం వేసుకుని తాగాం. మర్నాటి నుంచి ఆయన చెప్పిన టైముకు లేచి, ఆయన చూపించిన పలకలు, ఆయన ఇచ్చిన కుంచెతో తుడిచాం. నేను ఇంతవరకు చూసిన యజమానుల్లో ఇంత చెప్పినమాట వినే యజమానులు లేరు.

ఇవాళ ఆయన గదికి వెళ్ళాను. టీ ఇవ్వలేదు.

"ఊరి ఆసుపత్రి కూలీలకండీ. మీరు పన్ను కట్టలేదుగా, ఎలా అడుగుతారు? సొంత గాలి తెచ్చుకుంటే ఎవరికైనా కడుగుతారు."

"ఎంత గాలి గావాల?"

"ఆరొందల కుండలు."

అంత గాలి నేను పుట్టినప్పట్నుంచీ ఒకచోట చూడలేదు. గదికి వచ్చి చెబితే తవిటమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నన్ను అక్క వరసలో అప్పా అంటుంది.

"పోన్లే అప్పా. నాకేటైపోద్ది. నువ్వు అంబలి తాగు."

ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు.

మూడో నమోదు

పన్నుల ఆఫీసుకు వెళ్ళాను. అధికారి పేరు జుబేదా గారు. సన్నగా ఉంటుంది. అడిగినదానికి తప్ప మాట్లాడదు. నేను చెప్పిందంతా విని ఒకే మాట అంది.

"మీ కంపెనీ పేరేమిటో, మీకు వచ్చేదాన్ని వాటా అంటారో కూలి అంటారో నాకు అక్కర్లేదు. పని ఎలా జరుగుతోందో కావాలి. ఒకరి చెప్పుచేతల్లో చేస్తుంటే మీరు కూలీలే."

నా ప్రాణం లేచి వచ్చింది. అయితే మేం కూలీలమే, తవిటమ్మను చేర్చుకోండి అన్నాను.

"ఆగండి. కూలీలని తేలితే తొమ్మిదేళ్ళ కోత బాకీ పడుతుంది. అది ముందు కంపెనీ కట్టాలి. కంపెనీ దగ్గర లేకపోతే నడిపించిన మేనేజరు. అక్కడా దొరక్కపోతే, ఆ గాలి పీల్చిన మీ మీదికే వస్తుంది. ఉమ్మడి కంపెనీ కాబట్టి బాకీ నలుగురికీ ఉమ్మడి. ఇంటికి వెళ్ళి అందరితో మాట్లాడి రండి."

అందరితో మాట్లాడాను. పోలిరాజు వెంటనే సరే అన్నాడు, వాడు దేనికైనా సరే అంటాడు. నా భయం గవరయ్య మావ గురించి. త్వరలో ఓడెక్కి భూమికి వెళ్ళిపోవడానికి ఆయన ఏళ్ళ తరబడి కుండలు దాచుకున్నాడు. అక్కడ ఆయనకు ఎవరూ లేరు. ఎందుకు వెళ్తున్నావని అడిగితే వాన చూడాలంటాడు. అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపుకుని వాన చూడాలట, అంతే.

"కంపెనీ కట్టుద్ది కదేటి," అన్నాడు మావ. "ఇన్నేళ్ళు మన సెమట తిన్నాడు, ఆపాటి కట్టడేటి? పదండి, నాను గూడా వొచ్చి సెప్తాను."

నాలుగో నమోదు

విచారణ అయింది. రాయడానికి చెయ్యి రావడం లేదు.

జుబేదా గారు మధ్యలో, శేషగిరి గారు ఒకవైపు, మేం ముగ్గురం ఇంకోవైపు. తవిటమ్మ రాలేకపోయింది. ప్రశ్నలు మొదట్లో తిన్నగానే సాగాయి. టైము ఎవరు పెడతారు? ఆయనే. పలకలు ఎవరు చూపిస్తారు? ఆయనే. కుంచె ఎవరిది? కంపెనీది. మీరు యజమానులుగా ఎప్పుడైనా ఒక నిర్ణయం తీసుకున్నారా? పోలిరాజు చాలాసేపు ఆలోచించి, అంబలిలో బెల్లం వేసుకున్నాం అన్నాడు. జుబేదా గారి పెదవి కొంచెం కదిలింది. శేషగిరి గారి ముఖం మాడిపోయింది. గెలిచామనుకున్నాను.

అప్పుడు ఆవిడ అడిగింది. "మీలో ఎవరైనా పనికి రాలేకపోతే తన బదులు ఇంకొకరిని పంపవచ్చా?"

నేను నోరు తెరిచేలోపు గవరయ్య మావ లేచి నిలబడ్డాడు. మా మంచితనం చెప్పుకునే అవకాశం ఇన్నాళ్ళకు వచ్చిందని ఆయన ముఖం వెలిగిపోయింది.

"అదేటి మాట తల్లీ! మాలో మాకు అలాటి తేడా నేదు. ఏడాదినుంచి తవిటమ్మ మంచం దిగనేదు, ఒక్క పూట గూడా పని పోనేదు. ఆ పిల్ల సూటేసుకుని మేవే ఎల్తన్నాం. ఒకరి బదులు ఒకరం ఎల్లకపోతే మనుసులమేటి?"

జుబేదా గారు కలం కింద పెట్టింది.

"కూర్చోండి, పెద్దాయనా," అంది మెల్లగా. "చట్టంలో అదే కొలత. కూలిని తీసుకునేవాడు ఆ మనిషినే తీసుకుంటాడు. తన బదులు ఎవరినైనా పంపగలిగేవాడు కూలి కాడు, సొంత వ్యాపారం చేసుకునేవాడు."

శేషగిరి గారు అందుకున్నాడు. మేం తోడు వెళ్తున్న సంగతి ఆయన ఇవాళే వింటున్నాడని నాకు తెలుసు. సూట్ల గదిలో ఆయనే గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాడు, ఒకరి సూటు మరొకరు వేసుకుంటే వాటా రద్దని. అయినా కన్నార్పకుండా చెప్పాడు.

"అదే కదండీ నేను చెప్పేది! మా మెంబర్లకు పూర్తి స్వేచ్ఛ. ఎవరి బదులు ఎవరైనా వెళ్ళవచ్చు. నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు."

గోడమీద రాత సంగతి నేను చెప్పాను. అది పాతదనీ, అమల్లో లేదనీ అన్నాడు. అమలు చేసిన రుజువు ఉందా అని జుబేదా గారు నన్ను అడిగింది. లేదు. మేం ఎప్పుడూ దొరకలేదు. అంత జాగ్రత్తగా చేశాం మరి. తీర్పు చెప్పేలోపు ఇంకేమైనా తెస్తే చూస్తానంది.

బయటికి వచ్చాక మావ అడిగాడు. "నానేటి తప్పు సెప్పినాను దమయంతీ? నిజమే కదేటి?"

నిజమే. అందుకే ఆయన్ను తిట్టలేకపోయాను. తిట్టలేక గోడను తన్నాను. కాలు ఇంకా నొప్పి పెడుతోంది.

అయిదో నమోదు

మావ అంబలి ముట్టడం లేదు. తన నోటిదూల వల్ల పిల్ల చచ్చిపోతుందని పోలిరాజుతో అన్నాడట. తవిటమ్మకు సంగతంతా తెలిసింది. మావను పిలిపించుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మావా, ఏడాదినుంచి నాను బతికినది మీరు ఎల్లబట్టే. దానికి నువ్వు తల దించుకుంతావేటి?"

ఆ నాలుగు మాటలకు ఆమెకు నాలుగుసార్లు దగ్గు వచ్చింది. పెదవులు నీలంగా అయ్యాయి. మావ లేచి వెళ్ళిపోయాడు.

నేను వంటగట్టు దగ్గర నిలబడి శేషగిరి గారి మాటే తలుచుకున్నాను. ఎవరి బదులు ఎవరైనా వెళ్ళవచ్చు, నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. ఇన్నాళ్ళూ మేం దొంగచాటుగా వెళ్ళాం. చెప్పి వెళ్తే ఏమవుతుంది?

చెప్పి వెళ్తే రెండే జరుగుతాయి. ఆయన ఊరుకుంటే నాకు పోయేదేం లేదు. తలుపు ఊరుకోకపోతే ఆయన అబద్ధం బయటపడుతుంది. మధ్యలో నా గాలి అయిపోతే మాత్రం పోయేది నేను. ఆ సంగతి తవిటమ్మకు చెప్పలేదు. పోలిరాజుకు చెప్పాను. వాడు మొదటిసారి సరే అనలేదు.

"పిచ్చేటి అప్పా నీకు? తలుపు మూసుకుంతే?"

"మూసుకోవాలనే ఎల్తన్నాను. నువ్వెల్లి జుబేదా గారిని శేషగిరి గదిలో కూకోబెట్టు. నేనేం సేసినా ఆవిడ కళ్ళారా సూడాల."

ఆరో నమోదు

సూటు విప్పి నేరుగా రాయడానికి కూర్చున్నాను.

తవిటమ్మ సూటు తొడుక్కున్నాను. బయటికి వెళ్ళి రెండు పలకలు తుడిచాను, పని చేయలేదని ఎవరూ అనకుండా. తరవాత తలుపు దగ్గరికి వచ్చి, తలుపుకూ మేనేజరు గదికీ వినిపించే రేడియో నొక్కాను.

"నేను దమయంతిని. తవిటమ్మ సూటులో ఉన్నాను. తవిటమ్మకు ఒంట్లో బాగోలేదు, ఆమె బదులు నేను వచ్చాను. లోపలికి రానివ్వండి."

శేషగిరి గారు చెప్పినట్టు అయితే తలుపు తెరుచుకోవాలి. తలుపు ఆయన మాట వినలేదు, ఆయన ఇదివరకు దానికి నేర్పిన మాట విన్నది. చెవిలో ఆడగొంతు చల్లగా చదివింది. "సూటు పేరు, మనిషి పేరు కలవలేదు. ఇద్దరి వాటా రద్దయింది. మేనేజరు అనుమతి వచ్చే వరకు తలుపు తెరుచుకోదు."

అనుకున్నదే జరిగింది. అయినా అనుకోవడం వేరు, ఆ ఎండలో మూసిన తలుపు ముందు మోకాళ్ళు వంగి నిలబడడం వేరు. చేతిమీద గాలి ముల్లు సగానికి కింద ఉంది. ముల్లును చూడకూడదనుకుని దాన్నే చూశాను.

రేడియోలో జుబేదా గారి గొంతు వినిపించింది. నాతో కాదు, ఆ గదిలో ఆయనతో మాట్లాడుతోంది.

"ఇది ఎవరు పెట్టిన రూలు?"

"పాతదండీ. అంటే... సిస్టం దానంతటది చేస్తుంది."

"ఆవిడ ఈ కంపెనీకి యజమాని అన్నారు మీరు. యజమాని తన తలుపు తెరవమంటే తెరుచుకోదా?"

నా ఊపిరి చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తోంది.

"తెరిపించండి," అంది ఆవిడ.

"తెరుస్తానండీ, తప్పకుండా తెరుస్తాను. కానీ ఇందులో నేను అనుమతి ఇచ్చినట్టు రికార్డవుతుంది. ముందు మనం కొంచెం మాట్లాడుకుని..."

అప్పుడు ఆవిడ అరిచింది. అంత సన్నటి మనిషి అంత గట్టిగా అరుస్తుందనుకోలేదు. "తలుపు తీయవయ్యా! మనిషి బయట ఉంది!"

తలుపు తెరుచుకుంది. లోపల పడ్డాక పోలిరాజు నా హెల్మెట్ ఊడదీస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాణ్ణి ఓదార్చాల్సి వచ్చింది. నన్ను ఓదార్చేవాళ్ళు లేక నేనూ ఏడ్చాను.

ఏడో నమోదు

తీర్పు వచ్చింది. మేం కూలీలం. ఈ మాట విని ఇంత సంబరపడతానని తొమ్మిదేళ్ళ కిందట బెల్లం అంబలి తాగిన రోజు ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

సంబరం ఒక్క పూటే. బాకీ వసూలుకు వెళితే పౌర్ణమి కంపెనీ ట్యాంకు ఖాళీ. శేషగిరి గారు తన కుండలన్నీ భూమి మీది డబ్బు కింద మార్చేసుకున్నాడు. నిన్న దిగిన ఓడ ఇవాళ తిరిగి వెళ్ళింది, ఆయన అందులో వెళ్ళిపోయాడు. ఇక్కడి పన్నువాళ్ళ చెయ్యి అక్కడిదాకా సాగదు.

జుబేదా గారు మా గదికే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బాకీ మీ నలుగురి మీదికి వచ్చింది. నలుగురూ ఒప్పుకుని వేలు పెడితే అది పన్ను కట్టడం మొదలైనట్టే, ఆ క్షణం నుంచి తవిటమ్మకు ఆసుపత్రి హక్కు వస్తుంది. ఎవరైనా పెట్టకపోతే అప్పీలుకు వెళ్ళవచ్చు. అప్పీలు తేలడానికి చాలా కాలం పడుతుంది." ఆగి, నేల చూస్తూ అంది. "ఇది న్యాయంగా ఉందని నేను చెప్పడం లేదు."

"మోసం సేసినోడు ఎల్లిపోనాడు, మోసపోయినోళ్ళు కట్టాలా?" అన్నాడు పోలిరాజు.

"ఆ గాలి పీల్చింది మీరు. చట్టానికి అంతవరకే కనిపిస్తుంది."

ఎంత కట్టాలో చెప్పింది. పని చేసే మా ముగ్గురి గది మీటర్లలో పడే గాలిని మూడో వంతు తగ్గించి ఏళ్ళ తరబడి కట్టాలి. దాచుకున్నది ఏదైనా ఉంటే ముందు అది తీసుకుంటారు. దాచుకున్నవాడు మాలో ఒక్కడే. ఆయన ఓడ పై నెలలో ఉంది.

నేను గవరయ్య మావ వైపు చూడలేకపోయాను. ఆయన్ను అడిగే హక్కు నాకు లేదు. వెళ్ళిపోతానంటే వెళ్ళిపోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. గోడవైపు తిరిగి పడుకున్న తవిటమ్మ లేవబోయింది.

"నాను ఒప్పుకోను. మావ ఎల్లాల."

మావ అప్పటికే లేచి జుబేదా గారి ముందుకు వెళ్ళాడు. వేలు తన చొక్కాకు బాగా తుడుచుకుని పెట్టాడు. మా అందరికన్నా ముందు.

"వానదేటుంది," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "పడతానే ఉంటది."

మిగతా ముగ్గురం వేలు పెట్టేలోపు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడి నుంచి భూమి కనిపిస్తుంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆ మనిషి రుణం నేను ఏమిచ్చినా తీరదు.

ఎనిమిదో నమోదు

ఇవాళ తవిటమ్మను ఇంటికి తెచ్చుకున్నాం. రెండు ఊపిరితిత్తులూ కడిగారు. కడిగిన నీళ్ళు సిమెంటు నీళ్ళలా వచ్చాయని నర్సు చెప్పింది. మనిషి సగం అయింది కానీ పెదవులకు రంగు వచ్చింది.

మీటరు తగ్గించినప్పటి నుంచి గదిలో కొండ ఎక్కుతున్నట్టే ఉంటుంది. గిన్నె కడిగితే ఆయాసం. పోలిరాజు పాటలు మానేశాడు. మావ మాతోపాటు పనికి వస్తున్నాడు, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ. మాటలు తగ్గించుకున్నాం. తిట్టాలంటే కూడా ఊపిరి కావాలని నాకు ఇప్పుడే తెలిసింది. ఎలా గడుస్తుందో ఏమో. రాత్రిళ్ళు తలనొప్పితో మెలకువ వస్తుంది, ఇన్నేళ్ళు ఇలా ఉండగలమా అని భయమేస్తుంది.

తవిటమ్మను మంచం మీద కూర్చోబెట్టాను. మావ అంబలి తెచ్చాడు. బెల్లం లేదు. ఆమె దగ్గుతుందని మేం ముగ్గురం అలవాటు ప్రకారం చూస్తున్నాం. దగ్గలేదు. ఆ గదిలో ఆ నిశ్శబ్దం మాకు కొత్త.

ఆమె గుండెమీద చెయ్యి పెట్టుకుని మెల్లగా గాలి తీసుకోవడం మొదలుపెట్టింది. ఏడాదిగా నేను చూడని పెద్ద ఊపిరి. సగంలో ఠక్కున ఆపేసింది. మీటరు వైపు చూసింది, తరవాత మావ వైపు, నా వైపు. తన వంతుకు మించి పీలుస్తున్నానని ఆమె భయం. మిగతా సగం లోపలికి తీసుకోకుండా అలాగే బిగపట్టుకుని కూర్చుంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వెళ్ళి మీటరు మీద నా తువ్వాలు కప్పేశాను.

"పీల్చవే తవిటీ," అన్నాను. "మొత్తం పీల్చు. పన్ను కట్టిన గాలే ఇది."